గొట్టానికి వయసెంత?

తిరువూరులో నీళ్లొచ్చే చోటికి రెండు పేర్లు వినిపిస్తాయి. విజయవాడ వైపు మాటలో అది కుళాయి. ఊరు దాటి కాస్త ముందుకెళితే ఖమ్మం జిల్లా, అక్కడ అది నల్లా. కుళాయి తమిళుల 'కుళాయ్'కి చుట్టం, నల్లా ఉత్తరాది 'నల్'కి చుట్టం. ఎటు నుంచి వచ్చినా రెండింటికీ మొదటి అర్థం ఒక్కటే, లోపల బోలుగా ఉండే గొట్టం. నీళ్లు కారే కొసకు గొట్టం పేరే పెట్టుకున్నాం గానీ, ఆ గొట్టాన్ని కళ్లారా చూసినవాళ్లు ఏ ఊళ్లోనూ పట్టుమని పదిమంది ఉండరు. గోడ మీది జానెడు ముక్క తప్ప మిగతాదంతా మట్టి కిందే.

తిరువూరు 2011లో నగర పంచాయతీ అయింది. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. పేరు మారినంత సులువుగా మట్టి కింది సరుకు మారదు. పంచాయతీగా పెరిగి పట్టణమైన ఊళ్లన్నిటిలో గొట్టాలు పడ్డ తీరు ఒకేలా ఉంటుంది. ఒక గ్రాంటుకు ఒక వీధి, ఒక ఎన్నికకు ఒక కాలనీ. ముందు వేసింది ఇనుము, తర్వాత వేసింది సిమెంటు, ఆ పైన అతికించింది ప్లాస్టిక్. ఇది ఎప్పుడు వేశారని అడిగితే సంవత్సరం చెప్పరు, ఫలానా సర్పంచి హయాంలో అంటారు. కాగితం లేనిచోట హయాములే క్యాలెండరు.

పాతబడ్డ నీటి గొట్టం ఎంత గట్టిగా ఉందో తేల్చమంటే ఇంజినీరు మొదట అడిగే ప్రశ్నలు నిజానికి చరిత్రకారుడివి. ఎవరు వేశారు, ఏ ఏడాది వేశారు, దేనితో చేసింది, ఎంత లోతున పూడ్చారు, అప్పుడు పైన ఏముండేది, ఇప్పుడేముంది? మీటర్లూ యంత్రాలూ ఆ తర్వాత. తెలుగు నేల మీద ఈ ప్రశ్నలకు కాస్తో కూస్తో జవాబు దొరికే చోటు హైదరాబాదు. కనక కథ అక్కడికి వెళ్లక తప్పదు.

గోల్కొండ కోట గోడల్లో ఇప్పటికీ మట్టి గొట్టాలు కనిపిస్తాయి. దుర్గం చెరువు నుంచి కోటకు నీళ్లొచ్చేవని చెబుతారు. కింది తొట్టిలోంచి పై తొట్టికి మోటలాంటి చక్రాలతో అంచెలంచెలుగా తోడి, అక్కడి నుంచి కాల్చిన మట్టి గొట్టాల్లో వదిలేవాళ్లు. గొట్టం చుట్టూ సున్నం దట్టంగా మెత్తి గోడలోనే పాతేశారు. నాలుగు శతాబ్దాలు దాటినా వాటి ఆకారం చెడలేదు. మట్టికి తుప్పు పట్టదు కదా. అయితే ఆ గొట్టం కోటలోని వాళ్ల కోసం. బస్తీ జనానికి బావులూ చెరువులే దిక్కు. 1562 ప్రాంతంలో కట్టిన హుస్సేన్ సాగర్, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇరవై ఒక్క కమానులతో కట్టిన మీర్ ఆలం చెరువు ఆ నగరం దాహం తీర్చాయి.

ఊరంతటికీ గొట్టంలో నీళ్లివ్వాలన్న ఆలోచన గట్టిపడింది ఒక ప్రళయం తర్వాతే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలమంది కొట్టుకుపోయారు. పదిహేను వేలమంది చనిపోయారన్నది ఎక్కువగా చెప్పే అంచనా. నిజాం ప్రభుత్వం పిలిస్తే మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. వరదను పైనే ఆపాలంటే మూసీ మీదా, దాని ఉపనది ఈసీ మీదా ఆనకట్టలు కట్టాలన్నారు. మూసీ మీది ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ మీది హిమాయత్ సాగర్ 1927లో. వరదను ఆపడానికి కట్టినవే మంచినీళ్ల చెరువులయ్యాయి. ఉస్మాన్ సాగర్‌కు జనం పెట్టుకున్న పేరు గండిపేట. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదలడన్న నానుడి ఆ తర్వాతి తరాలది.

ఆ గండిపేట నీళ్లు ఊళ్లోకి వచ్చిన దారిని మాత్రం నానుడి కట్టినవాళ్లు పట్టించుకోలేదు. చెరువు నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా కట్టుబడి కాలువ ఒకటి తవ్వారు. పైన కప్పు ఉంటుంది, లోపల నీరు వాలును బట్టి తనంతట తనే నడుస్తుంది. పంపు లేదు, కరెంటు అక్కర్లేదు. ఆ కట్టడానికి వందేళ్లు దాటాయి. ఇంజినీర్లు దాన్ని ఇప్పటికీ 'కాండూట్' అనే అంటారు. తవ్విన రోజున దాని పక్కన పొలాలూ రాళ్లగుట్టలూ ఉండేవి. ఇప్పుడు పుప్పాలగూడ, మణికొండల మీదుగా అది నడిచే చోట్ల అపార్టుమెంట్లు, రోడ్లు, సెప్టిక్ ట్యాంకులు వచ్చాయి. చెరువుల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో 111 నంబరు జీవో తెచ్చారు. చెరువుకు జీవో వచ్చింది. కాలువ మీదికి వచ్చిన ఊరిని ఆపే శక్తి ఏ జీవోకూ లేకపోయింది.

ఇలాంటి కాలువ విషయంలో వయసు కంటే ఇరుగుపొరుగే పెద్ద సమస్య. రాతి కట్టుబడి బలంగానే ఉంటుంది. కానీ అందులో నీరు ఒత్తిడి లేకుండా నడుస్తుంది గనక, పగులు పడితే లోపలి నీరు బయటికి పోయినట్టే బయటి మురుగు లోపలికి రాగలదు. పొలం గట్టున పగులు పడితే నష్టం నీళ్లవరకే. సెప్టిక్ ట్యాంకు పక్కన పడితే లెక్క మారిపోతుంది.

కాండూట్ తర్వాత ఊళ్లోకి వెళ్లే గొట్టాలది పోత ఇనుము యుగం. పోత ఇనుప గొట్టం కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో వెర్సై రాజభవనపు ఫౌంటెన్ల కోసం 1664 నాటికే వేశారు. మన దగ్గరకు అది సాకెట్టు, స్పిగాట్ల రూపంలో వచ్చింది. ఒక గొట్టం వెడల్పు మూతిలోకి రెండోదాని సన్నపు కొస దూర్చి, సందులో జనపనార తాడు కూరి, దాని మీద కరిగిన సీసం పోసి, చల్లారాక ఉలితో కొట్టి బిగించేవాళ్లు. ఆ పని ఫిట్టర్లు చేతులు కాల్చుకుని నేర్చుకున్న విద్య. గొట్టంలో తడి ఉంటే కరిగిన సీసం పేలి మొహాన చిమ్మేది. ఇవాళ పాత గొట్టాన్ని తవ్వి తీసినప్పుడు ఇనుము పుచ్చిపోయినా జాయింటు చెక్కుచెదరకుండా ఉండటం కద్దు. సీసం పోసినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పాలి. పాత ఇనుము కొత్త ఇనుము కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్ 2001లో వేసిన లెక్క ప్రకారం పంతొమ్మిదో శతాబ్దం చివర వేసిన పోత ఇనుప గొట్టాలు సగటున 120 ఏళ్లు, 1920 దశకంవి 100 ఏళ్లు, రెండో ప్రపంచయుద్ధం తర్వాతవి 75 ఏళ్లు పనిచేస్తాయి. పాతకాలంలో మట్టి అచ్చులో నిలువునా పోసేవాళ్లు. గోడ ఎక్కడ పలచబడుతుందో తెలియక మందంగా పోసేవాళ్లు. తర్వాత అచ్చును గిరగిర తిప్పుతూ పోయడం వచ్చింది. ఇనుము సమంగా, గట్టిగా వచ్చింది. గట్టిగా వచ్చింది కదా అని గోడను పలచన చేశారు. తుప్పుకు గట్టిదనంతో పనిలేదు, మందం ఎంతో అంతే దానికి తిండి. పై లెక్కను కూడి చూస్తే తాత, తండ్రి, మనవడు మూడు తరాల గొట్టాలకూ ఒకే సమయంలో గడువు తీరుతుంది. అమెరికా నగరాలు ఇప్పుడు మోస్తున్న భారం అదే.

మన లెక్క ఇంకో రకం. ఇనుము కరువైన రోజుల్లో మనం సిమెంటు వైపు తిరిగాం. ఆస్ట్రేలియాకు చెందిన వాల్టర్ హ్యూమ్ సిమెంటు గొట్టాన్ని తిప్పుతూ పోసే పద్ధతి కనిపెడితే, దాన్ని ఇక్కడికి తెచ్చి వాల్‌చంద్ హీరాచంద్ 1926లో ఇండియన్ హ్యూమ్ పైప్ కంపెనీ పెట్టారు. ఆ పేరు మన నోళ్లలో ఎంత నానిందంటే, కల్వర్టు కింద కనిపించే ఏ సిమెంటు గొట్టమైనా మనకు 'హ్యూంపైపే'. 1946లో హైదరాబాద్ ఆస్బెస్టాస్ కంపెనీ వచ్చింది. రేకులు చేసినట్టే ఆస్బెస్టాస్ సిమెంటుతో గొట్టాలూ తయారయ్యాయి. తేలిక, చవక, తుప్పు పట్టదు. పట్టణాలూ పంచాయతీలూ దశాబ్దాల పాటు ఈ ఏసీ పైపులే పరిచాయి. ఆ పైపు గుణం పెంకుది, వంగదు, పగులుతుంది. మీద లారీ పోయినా, పక్కన గునపం పడినా, నేల కాస్త కుంగినా అడ్డంగా విరుగుతుంది. నీరు మెత్తటిదైతే లోపలి సున్నాన్ని కొంచెం కొంచెం కరిగించుకుపోతుంది. ఏసీ పైపును కొట్టి చూస్తే ఇనుములా ఖంగున మోగదు. తన రోగం బయటికి చెప్పదు.

హైదరాబాదు పెద్ద లైన్లూ ఈ దారినే నడిచాయి. గండిపేట చాలక 1965లో మంజీరా నీళ్లు తెచ్చారు. 1981లో మంజీరా రెండో దశ, 1990ల మొదట్లో సింగూరు దశలు. ఉక్కు తీగలు బిగించిన పీఎస్‌సీ కాంక్రీటు గొట్టాల్లో వచ్చే మంజీరా లైనుకు లీకు పడిందనీ, ఫలానా ప్రాంతాలకు నీళ్లు రావనీ నగర నీటి సంస్థ జలమండలి ప్రకటన పత్రికల్లో చదవని హైదరాబాదీ ఉండడు. పైన కాంక్రీటు బాగానే కనిపిస్తుంది, లోపలి తీగ ఒక్కోటే తెగుతూ వస్తుంది, ఒకరోజు నీళ్లు రెండంతస్తుల ఎత్తున లేస్తాయి. 2004 తర్వాత వచ్చిన కృష్ణా లైన్లకు ఎక్కువగా ఉక్కు వాడటానికి ఈ అనుభవమూ ఒక కారణమే అనుకోవచ్చు. ఈలోగా పోత ఇనుము కూడా పెళుసుదనం వదిలించుకుని డక్టైల్ ఐరన్‌గా తిరిగొచ్చింది. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరులో తయారయ్యే డీఐ పైపులు ఇవాళ ఎన్నో పట్టణాల్లో రోడ్డు పక్క గుట్టలుగా కనిపిస్తాయి. సీసం కరిగించే పని పోయింది, రబ్బరు రింగు బిగిస్తే చాలు.

ఇన్ని తరాల సరుకు ఒకే వీధి కింద ఉంటే ఏది గట్టిది, ఏది చివరి దశలో ఉందని తేల్చడం ఎలా?

మొదటి ఆధారం కాగితం కాదు, మనిషి. రోజూ తెల్లవారుజామున పెద్ద ఇనుప కీతో వాల్వులు తిప్పే మనిషి. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిరుగుతుందో, ఏది సగంలో బిగుసుకుపోయిందో, ఏ వీధికి ఎంతసేపటికి నీరు చేరుతుందో, ఎక్కడ ఏటా గుంత తవ్వుతారో అతనికి తెలుసు. అతను రిటైరైతే ఊరి నీటి పటం అతనితోపాటే ఇంటికి వెళ్లిపోతుంది. ఏ కన్సల్టెంటు నివేదిక అయినా సగం ఇతను నడుస్తూ చెప్పిందే. నివేదిక మీద అతని పేరు వేయాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

రెండోది చెవి. ఊరు సద్దుమణిగాక ఇనుప కడ్డీ ఒక కొస వాల్వు మీదా, రెండో కొస చెవి దగ్గరా పెట్టుకుని వినడం వందేళ్ల పద్ధతి. కారే నీరు గొట్టాన్ని సన్నగా మోగిస్తుంది. ఇప్పుడు రెండు చోట్ల మైకులు పెట్టి, ఒక మైకుకు చప్పుడు ఎంత ముందు చేరిందో లెక్కగట్టి లీకు ఎక్కడుందో చెప్పే యంత్రాలు వచ్చాయి. ఇనుములో అవి బాగా పనిచేస్తాయి. ప్లాస్టిక్‌లో చప్పుడు కొద్ది దూరంలోనే చచ్చిపోతుంది. మన కొత్త లైన్లలో చాలావరకు ప్లాస్టిక్కే. చెవికి పని తగ్గి, రాత్రి మీటరుకు పని పెరిగింది. అర్ధరాత్రి అందరూ నిద్రపోయే వేళ ట్యాంకులోంచి ఎంత నీరు దిగుతోందో చూస్తే, దిగేదంతా దాదాపు లీకే. కానీ ఇరవై నాలుగు గంటలూ నీళ్లున్న ఊరికే ఈ పరీక్ష. రోజుకు గంట వదిలే ఊళ్లో రాత్రి గొట్టం ఖాళీ.

మూడోది గుంత తవ్వి ముక్క కోసి చూడటం. పాత ఇనుప గొట్టం లోపల తుప్పు గడ్డలు కడుతుంది. ఆరంగుళాల గొట్టం లోపల చుట్టూతా అరంగుళం గడ్డ కడితే మిగిలేది అయిదంగుళాల దారి. అంగుళమే కదా పోయిందనుకుంటాం. అలెన్ హేజెన్, గార్డ్నర్ విలియమ్స్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజినీర్లు 1900ల మొదట్లో ఇచ్చిన సూత్రంతో లెక్క వేస్తే, అంతే ఒత్తిడికి ఆ గొట్టంలో నీరు 62 శాతానికి పడిపోతుంది. గోడ గరుకును కూడా కలిపితే సగానికంటే తక్కువ. చివరి వీధికి నీళ్లు రావడం లేదన్న గొడవకు కొన్నిసార్లు కారణం పై వీధివాళ్ల మోటార్లు, కొన్నిసార్లు ఈ గడ్డలు. ముక్క కోసి చూసేదాకా ఎవరిది తప్పో తేలదు.

నాలుగోది అన్నిటికంటే చవక. ఆఖరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ చూడటం. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలన్నది భారతీయ ప్రమాణం. ట్యాంకు దగ్గర ఉండి చివర్న మాయమైందంటే దారిలో దాన్ని ఏదో తినేసింది. చిన్న సీసా, నాలుగు చుక్కల మందు, రంగు చూడటానికి కళ్లు ఉంటే చాలు.

ఇన్ని పరీక్షలూ ఎక్కువగా పెద్ద గొట్టాల మీద జరుగుతాయి. మనుషుల ప్రాణాల మీదికి తెచ్చేది మాత్రం ఎక్కువగా చిన్న గొట్టాలు. 2005లో హైదరాబాదు పాతబస్తీ వైపు హెపటైటిస్-ఇ పచ్చకామెర్లు ప్రబలి 1,600 మందికి పైగా జబ్బుపడ్డారు. అంటువ్యాధుల నిపుణులు జబ్బుపడ్డ ఇళ్లను పటం మీద గుర్తించి చూస్తే, మురుగు కాలువలను దాటి వెళ్లే మంచినీటి లైన్ల మీద ఆధారపడ్డ బస్తీల్లో జబ్బు మిగతా చోట్లకంటే చాలా ఎక్కువ. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా మరణాలను పటం మీద గుర్తించి ఒక చేతిపంపును పట్టుకున్న పద్ధతే ఇది. 2009 మేలో మళ్లీ హైదరాబాదులోనే, భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పదిమందికి పైగా పోయారు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీ వంతు వచ్చింది. సంగం జాగర్లమూడి, తక్కెళ్లపాడుల నుంచి వచ్చే నీటి మీద కాదు, ఊళ్లో పాత గొట్టాల్లోకి చేరిన మురుగు మీదే వేళ్లన్నీ చూపించాయి. అక్కడా పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి.

ఇలాంటి చోట్ల దారి దాదాపు ఒకటే. మెయిను లైను నుంచి ఇంటికి వెళ్లే అరంగుళం, ముప్పావు అంగుళం కనెక్షన్ మురుగు కాలువలోంచి పోతుంది. జీఐ గొట్టమైతే, అంటే జింకు పూత పూసిన ఇనుపదైతే, పది, పదిహేనేళ్లకే చిల్లులు పడుతుంది. నీళ్లు వదిలిన గంటసేపు లోపల ఒత్తిడి ఉంటుంది గనక చిల్లు బయటికి చిమ్ముతుంది. నీళ్లు ఆగాక, పైగా ఎవరో ఇంట్లో మోటారు పెట్టి లాగుతున్నప్పుడు, అదే చిల్లు మురుగును పీలుస్తుంది. మరుసటి పొద్దున మొదటి బిందెలో ఏముంటుందో చెప్పనక్కర్లేదు. కోట్లు పోసి మెయిను మార్చిన ఊళ్లలో కూడా ఈ చివరి ముక్క పాతదే ఉండిపోతుంది. ఎందుకంటే లెక్క ప్రకారం అది ఇంటివాడి సొత్తు. మురుగు కాలువ మున్సిపాలిటీది, అందులో పోయే గొట్టం ఇంటివాడిది, జబ్బు ఎవరిదైనా కావచ్చు.

తిరువూరు చుట్టుపక్కల నీటి మాటకు ఇంకో బరువు ఉంది. ఈ డివిజన్‌లోని ఏ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్లుగా ఇళ్లను తోడేస్తోంది. బోరు నీటి మీద అనుమానంతో కృష్ణా నీటిని గొట్టాల్లో అక్కడికి తీసుకెళ్లే పని మొదలుపెట్టారు. సరిహద్దుకు అవతల మిషన్ భగీరథ పేరుతో తెలంగాణ లక్ష కిలోమీటర్లకు పైగా గొట్టాలు పరిచింది. 2019 నుంచి జల్ జీవన్ మిషన్ కింద దేశమంతా పరుస్తున్నారు. ఇంత పొడవు గొట్టం ఇంత తక్కువ కాలంలో ఈ నేల కింద ఎన్నడూ పడలేదు. అంటే ఇదంతా దాదాపు ఒకేసారి ముసలిదవుతుంది. అమెరికాలో మూడు తరాలకు కలిసొచ్చిన గడువు మనకు ఒక్క తరంతోనే వస్తుంది.

కొత్త ట్యాంకుకు శిలాఫలకం ఉంటుంది, కొబ్బరికాయ కొడతారు, ఫొటో తీస్తారు. గొట్టాన్ని పూడ్చే రోజు అక్కడ జేసీబీ డ్రైవరూ ఇద్దరు కూలీలూ తప్ప ఎవరూ ఉండరు. పూడ్చకముందు ఒక్క ఫొటో తీసి, ఏ సంవత్సరం, ఏ సరుకు, ఎన్ని అంగుళాలు, రోడ్డు అంచు నుంచి ఎన్ని అడుగులు, ఎంత లోతు అన్న అయిదు ముక్కలు వార్డు సచివాలయం రిజిస్టరులో రాయించడానికి ఖర్చేమీ కాదు. వాల్వులు తిప్పే మనిషిని రిటైరు కాకముందే కూర్చోబెట్టి పటం గీయించడానికి నాలుగు మధ్యాహ్నాలు చాలు. నగర పంచాయతీ పాలకులు ఈ రెండూ చేయాలి.

ఇక చదువుతున్నవారు చేయగలిగింది ఒకటుంది. మీ కుళాయి గొట్టం గోడ దిగి వీధిలోకి ఎటు పోతుందో చూడండి. అది మురుగు కాలువలో మునిగి ఉంటే, వచ్చే వర్షాకాలంలోపే ప్లంబరును పిలిచి పైకెత్తించండి.